సీలో సెగ్మెంటేషన్ ఫాల్ట్‌ను పట్టుకుని ప్రోగ్రామ్‌ను ముందుకు నడిపించవచ్చా?

నిశాచరి

అందరికీ నమస్కారం. లినక్స్ మీద నడిచే ఒక పాత సీ ప్రోగ్రామ్ ఈమధ్యే నా చేతికి వచ్చింది. చాలా పరికరాలు సాకెట్ ద్వారా రీడింగులు పంపుతుంటాయి, ఇది వాటిని అందుకుని ఫైల్లో రాస్తుంది. రోజుల తరబడి బాగానే నడుస్తుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. షెల్ స్క్రిప్టులో చూస్తే ఎగ్జిట్ కోడ్ 139 అని ఉంటుంది.

ఇంతకుముందు నేను జావాలో పనిచేసేవాణ్ణి. అక్కడ ట్రై-క్యాచ్ పెడితే ఒక్క పరికరం తేడా చేసినా మిగతావి నడిచిపోతాయి. సీలో అలాంటిదేమైనా ఉందా అని వెతికితే సిగ్నల్ హ్యాండ్లర్లు, అంటే కెర్నల్ నుంచి సిగ్నల్ అనే కబురు వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్లు, కనిపించాయి. చెల్లని మెమరీని ముట్టుకుంటే (సెగ్మెంటేషన్ ఫాల్ట్) వచ్చే సిగ్‌సెగ్‌వీకి ఒక హ్యాండ్లర్ రాసి, అందులో ప్రింట్‌ఎఫ్‌తో "లోపం వచ్చింది, కొనసాగుతున్నాం" అని రాయించి రిటర్న్ చేయించాను. ఇప్పుడు ప్రోగ్రామ్ ఆగడం లేదు గానీ, లాగ్ ఫైల్ నిండా అదే లైను, డిస్క్ నిండేదాకా! సీపీయూ 100 శాతం.

రెండో సమస్య. కంట్రోల్-సీ కొడితే శుభ్రంగా మూసుకోవాలని సిగ్‌ఇంట్‌కు ముందు నుంచే ఒక హ్యాండ్లర్ ఉంది. అందులో బఫర్లన్నీ ఫ్రీ చేసి, ఎఫ్‌క్లోజ్ చేసి, ఎగ్జిట్ పిలుస్తారు. చాలాసార్లు పనిచేస్తుంది. అప్పుడప్పుడు మాత్రం అక్కడే బిగుసుకుపోతుంది, కిల్ మైనస్ 9 కొడితే తప్ప పోదు.

ఈ రెండూ ఒకే జబ్బా, వేర్వేరా? అసలు సీలో ఎక్సెప్షన్లు పట్టుకునే సరైన పద్ధతి ఏమిటి?

సెమికోలన్

139 అంటే 128 + 11. సిగ్నల్ తగిలి చనిపోయిన ప్రాసెస్‌కు షెల్ 128కి ఆ సిగ్నల్ నంబరు కలిపి చూపిస్తుంది. 11 అంటే సిగ్‌సెగ్‌వీ. 134 వస్తే అబార్ట్. 143 వస్తే సిగ్‌టర్మ్. 137 వస్తే ఎవరో కిల్ మైనస్ 9 కొట్టి ఉండాలి, లేదా మెమరీ చాలక కెర్నలే చంపి ఉండాలి.

లాగ్ నిండడం సంగతి. చెల్లని చిరునామాను ముట్టుకున్న ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ప్రాసెసర్ ఆగింది, కెర్నల్ మీ హ్యాండ్లర్‌ను పిలిచింది. హ్యాండ్లర్ నుంచి రిటర్న్ అయితే ప్రోగ్రామ్ తర్వాతి లైనుకు వెళ్లదు, ఆ ఇన్‌స్ట్రక్షన్‌నే మళ్లీ చేయబోతుంది. పాయింటర్ మారలేదు కదా, మళ్లీ ఫాల్ట్, మళ్లీ హ్యాండ్లర్. సిగ్‌సెగ్‌వీ, సిగ్‌ఎఫ్‌పీఈ (లెక్కలో తప్పు), సిగ్‌ఇల్ (చెల్లని ఇన్‌స్ట్రక్షన్) లాంటివి ప్రోగ్రామ్ చేసిన పని వల్లే వచ్చినప్పుడు, హ్యాండ్లర్ రిటర్న్ అయితే ఆ తర్వాత ఏం జరిగినా తన బాధ్యత కాదని సీ ప్రమాణం కూడా చెబుతుంది.

బిట్‌మాస్క్

నిశాచరి గారూ, మీవి రెండు వేర్వేరు జబ్బులు. సిగ్నల్ అనే ఒకే దారిలో రెండు రకాల కబుర్లు వస్తాయి కాబట్టి అందరూ కలిపేసుకుంటారు.

మొదటి రకం బయటి నుంచి వచ్చేది. సిగ్‌ఇంట్, సిగ్‌టర్మ్, సిగ్‌హప్, సిగ్‌అలారం. "ఇక ఆగు", "కాన్ఫిగ్ మళ్లీ చదువు", "టైమ్ అయింది" లాంటి విన్నపాలు. ప్రోగ్రామ్ ఆరోగ్యంగానే ఉంటుంది. ఇవి ఎప్పుడైనా, ఏ రెండు ఇన్‌స్ట్రక్షన్ల మధ్యనైనా రావచ్చు. రెండో రకం లోపలి నుంచి పుట్టేది. సిగ్‌సెగ్‌వీ, సిగ్‌బస్, సిగ్‌ఎఫ్‌పీఈ, సిగ్‌ఇల్. ఇవి విన్నపాలు కావు. ప్రోగ్రామ్ తను అనుకున్న స్థితిలో లేదని తెలిపే నిర్ధారణలు. మొదటి రకానికి మర్యాదగా స్పందించాలి. రెండో రకానికి సాక్ష్యం భద్రపరిచి ప్రాసెస్‌ను పోనివ్వాలి.

ఇప్పుడు మీ కంట్రోల్-సీ ఎందుకు బిగుసుకుంటుందో దగ్గరగా చూద్దాం. ఒక పరికరం నుంచి డేటా వచ్చింది, మీ ప్రోగ్రామ్ మెమరీ కేటాయించే మాలాక్‌ను పిలిచింది. మాలాక్ లోపలికి వెళ్లి హీప్ (అది మెమరీ ఇచ్చే చోటు) లాక్ తీసుకుంది. ఖాళీ ముక్కల జాబితాలోంచి ఒకదాన్ని తెంపింది, పక్క ముక్క పాయింటర్‌ను ఇంకా సరిచేయలేదు. సరిగ్గా ఆ క్షణాన మీరు కంట్రోల్-సీ కొట్టారు. కెర్నల్ అదే థ్రెడ్‌ను అక్కడే ఆపి, హ్యాండ్లర్‌లోకి దూకించింది. హ్యాండ్లర్ ఫ్రీని పిలిచింది. ఫ్రీ అదే లాక్ కోసం చూసింది. లాక్ పట్టుకుని ఉన్నది ఎవరు? ఇదే థ్రెడ్. అది లాక్ వదలాలంటే హ్యాండ్లర్ పూర్తవ్వాలి, హ్యాండ్లర్ పూర్తవ్వాలంటే లాక్ దొరకాలి. ఇక కదలదు.

సిగ్నల్ ఆ కొద్ది క్షణాల సందులో పడకపోతే ఏ ఇబ్బందీ ఉండదు. అందుకే "చాలాసార్లు పనిచేస్తుంది". మీ టేబుల్ మీద ఎన్నిసార్లు పరీక్షించినా దొరకదు, లోడ్ ఎక్కువున్న రోజునే దొరుకుతుంది. ప్రింట్‌ఎఫ్‌కూ ఇదే కథ, దానికి తన స్ట్రీమ్ లాక్, తన బఫర్ ఉంటాయి. ఎగ్జిట్ కూడా అంతే. అది ఎట్‌ఎగ్జిట్ ఫంక్షన్లను పిలుస్తుంది, స్ట్రీమ్‌లను ఫ్లష్ చేస్తుంది.

హ్యాండ్లర్ లోంచి నిర్భయంగా పిలవదగిన ఫంక్షన్ల జాబితాను యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్ ఇచ్చింది. రైట్, అండర్‌స్కోర్ ఎగ్జిట్, కిల్, సిగ్‌యాక్షన్, వెయిట్‌పిడ్ లాంటివి అందులో ఉన్నాయి. ప్రింట్‌ఎఫ్, మాలాక్, ఫ్రీ, సిస్‌లాగ్, లోకల్‌టైమ్ లేవు. లినక్స్‌లో మాన్యువల్ సెక్షన్ 7లో సిగ్నల్-సేఫ్టీ పేజీ తెరిస్తే మొత్తం జాబితా కనిపిస్తుంది. నా నియమం ఇంకా కఠినంగా ఉంటుంది. విన్నపాల హ్యాండ్లర్‌లో ఒకే ఒక్క లైను, ఒక జెండా ఎత్తడం. శుభ్రం చేసే పనంతా మెయిన్ లూప్ ఆ జెండా చూసి చేయాలి.

తొలిఅడుగు

బిట్‌మాస్క్ అన్నా, చిన్న సందేహం. ఆ జెండాను "వోలటైల్ సిగ్ అటామిక్ టీ" అని ప్రకటించాలని పుస్తకాల్లో ఉంటుంది. మామూలు ఇంట్ పెడితే ఏమవుతుంది? నేను పెట్టి చూశాను, పనిచేసింది.

బిట్‌మాస్క్

ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసి ఉంటావు. మైనస్ ఓ2 పెట్టి, లూప్‌లో వేరే ఫంక్షన్ పిలుపులేవీ లేకుండా "జెండా సున్నాగా ఉన్నంతసేపు తిరుగు" అని రాసి చూడు. లూప్ లోపల ఆ వేరియబుల్‌ను ఎవరూ మార్చడం లేదు కాబట్టి కంపైలర్ దాన్ని ఒక్కసారి రిజిస్టర్‌లోకి చదివి, ఆపైన మెమరీ వైపు చూడకపోవచ్చు. హ్యాండ్లర్ మెమరీలో మార్చినా లూప్‌కు తెలియదు. ప్రతిసారీ మెమరీ నుంచి చదవమని చెప్పేది వోలటైల్. సిగ్నల్ మధ్యలో వచ్చినా సగం విలువ కనిపించదని హామీ ఇచ్చేది సిగ్ అటామిక్ టీ. రెండూ వేర్వేరు హామీలు, రెండూ కావాలి.

ఇంకోటి. ఇది ఒకే థ్రెడ్‌లో హ్యాండ్లర్‌కూ మిగతా కోడ్‌కూ మధ్య సరిపోతుంది. రెండు థ్రెడ్ల మధ్య కబుర్లకు వోలటైల్ పనికిరాదు, అక్కడ సీ11 అటామిక్స్ వాడాలి.

నిశాచరి

బిట్‌మాస్క్ గారూ, లాక్ సంగతి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్. హ్యాండ్లర్‌లో అన్నీ తీసేసి జెండా ఒక్కటే ఉంచాను. ఇప్పుడు కొత్త సమస్య. పరికరాల నుంచి ఏ డేటా రాని సమయంలో కంట్రోల్-సీ కొడితే ప్రోగ్రామ్ కదలడం లేదు. రిసీవ్ దగ్గర కూర్చుని ఉంటుంది. ఏదో ఒక పరికరం డేటా పంపాక అప్పుడు జెండా చూసి ముగుస్తుంది. రిసీవ్ మధ్యలో సిగ్నల్ వస్తే ఈ-ఇంటర్ (సిగ్నల్ వల్ల మధ్యలో ఆగింది) ఎర్రర్‌తో బయటికొస్తుందని చదివాను. రావడం లేదు.

కెర్నల్‌తీరం

హ్యాండ్లర్‌ను సిగ్నల్ ఫంక్షన్‌తో పెట్టి ఉంటారు, అవునా? దాని వెనుక పెద్ద చరిత్రే ఉంది. సిస్టమ్ వీ యూనిక్స్‌లో హ్యాండ్లర్ ఒక్కసారి పిలవబడగానే డిఫాల్ట్‌కు మారిపోయేది. బీఎస్‌డీలో అలా మారదు, పైగా మధ్యలో ఆగిన సిస్టమ్ కాల్ దానంతట అదే మళ్లీ మొదలయ్యేది. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ మామూలుగా బీఎస్‌డీ దారినే పోతుంది. అందుకే మీ రిసీవ్ ఈ-ఇంటర్ ఇవ్వకుండా మళ్లీ నిద్రపోతోంది.

అందుకే సిగ్నల్ ఫంక్షన్ వాడకండి, సిగ్‌యాక్షన్ వాడండి. ఏం జరగాలో మీరే చెప్పే వీలుంటుంది. ఎస్‌ఏ-రీస్టార్ట్ ఫ్లాగ్ ఇవ్వకపోతే రిసీవ్ మైనస్ 1 ఇస్తుంది, ఎర్రర్ కోడ్ ఉండే ఎర్‌నోలో ఈ-ఇంటర్ ఉంటుంది. పోల్, సెలెక్ట్, ఈపోల్-వెయిట్ మాత్రం ఆ ఫ్లాగ్ ఉన్నా లేకున్నా ఈ-ఇంటర్‌తోనే తిరిగొస్తాయి. అప్పుడు మీ కోడ్‌లో రీడ్, రైట్ పిలిచే ప్రతిచోటా ఈ-ఇంటర్‌ను "ఎర్రర్" అనుకుని కనెక్షన్ మూసేయకుండా చూసుకోవాలి. పాత ప్రోగ్రామ్ అన్నారు కాబట్టి ఇది ఒకసారి మొత్తం వెతకండి.

ఇంత చేసినా ఒక సందు మిగులుతుంది. జెండా చూశారు, సున్నా. రిసీవ్ పిలవబోతున్నారు. ఆ మధ్యలో సిగ్నల్ వచ్చి జెండా ఎత్తి వెళ్లిపోయింది. మీరు రిసీవ్‌లోకి వెళ్లి నిద్రపోయారు. ఈ-ఇంటర్ రాదు, ఎందుకంటే సిగ్నల్ అప్పటికే వచ్చి వెళ్లిపోయింది. ఈ సందు మూయడానికి మూడు దారులు:

పీసెలెక్ట్ లేదా పీపోల్. సిగ్నల్‌ను మాస్క్‌తో (ఆపి ఉంచాల్సిన సిగ్నళ్ల జాబితాతో) ఆపి ఉంచుతారు, ఈ ఫంక్షన్ లోపల వేచి ఉన్నంతసేపు మాత్రమే తెరుస్తారు. తెరవడం, నిద్రపోవడం రెండూ విడదీయలేని ఒకే పనిగా జరుగుతాయి.

రెండోది, పైప్ పద్ధతి. ఒక పైప్ తెరిచి రెండు కొసలనూ నాన్-బ్లాకింగ్ చేయండి. హ్యాండ్లర్ పైప్‌లో ఒక బైట్ రాస్తుంది. మెయిన్ లూప్ సాకెట్లతో పాటు ఆ పైప్‌ను కూడా పోల్ చేస్తుంది. బైట్ పైప్‌లోనే ఉండిపోతుంది కాబట్టి కబురు తప్పిపోదు. ఏ యూనిక్స్‌లోనైనా పనిచేస్తుంది.

లినక్స్ ఒక్కటే చాలనుకుంటే సిగ్నల్‌ఎఫ్‌డీ ఉంది. 2007లో 2.6.22 కెర్నల్‌తో వచ్చింది. సిగ్నల్‌ను బ్లాక్ చేసి, దాన్ని ఒక ఫైల్ డిస్క్రిప్టర్ నుంచి చదువుకుంటారు. హ్యాండ్లరే ఉండదు, అందులో ఏది పిలవాలన్న బెంగా ఉండదు. మీకు నేను ఇదే సూచిస్తాను.

ఇంకో మాట, హ్యాండ్లర్‌లో రైట్ పిలిస్తే ముందు ఎర్‌నోను దాచుకుని, చివర్లో తిరిగి పెట్టండి. లేకపోతే మెయిన్ కోడ్ ఒక ఫంక్షన్ ఫలితం చూసి ఎర్‌నో చదివేలోపు అది మారిపోతుంది.

జంపర్

అందరూ సిగ్‌సెగ్‌వీ వస్తే చావాల్సిందే అంటున్నారు, ఒప్పుకోను. సిగ్‌సెట్‌జంప్, సిగ్‌లాంగ్‌జంప్ ఉన్నవి ఎందుకు? ప్రతి పరికరం డేటా ప్రాసెస్ చేసే ముందు సిగ్‌సెట్‌జంప్‌తో గుర్తు పెట్టుకుంటాం, ఫాల్ట్ వస్తే హ్యాండ్లర్ నుంచి అక్కడికి దూకుతాం, ఆ పరికరాన్ని వదిలేసి తర్వాతి దానికి వెళ్తాం. ఇది సీలో ట్రై-క్యాచ్ కాదా? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో, లువా భాషలో ఎర్రర్లన్నీ లాంగ్‌జంప్ మీదే నడుస్తాయి. జావా వర్చువల్ మెషీన్ కూడా నల్ పాయింటర్‌ను సిగ్‌సెగ్‌వీ ద్వారానే పట్టుకుంటుంది.

బిట్‌మాస్క్

జంపర్ గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ వాటిని దగ్గరగా చూస్తే అవి మీ వాదనకు ఎదురే చెబుతాయి.

లువా, పోస్ట్‌గ్రెస్ దూకేది ఎక్కడి నుంచి? మామూలు కోడ్ నుంచి. "ఈ ఇన్‌పుట్ చెల్లదు" అని తమంతట తాము కనుక్కుని, తాము ఎంచుకున్న చోటు నుంచి దూకుతాయి. ఆ క్షణాన హీప్ బాగుంది, ఏ జాబితా సగంలో లేదు. దూకాక మెమరీ లీక్ కాకుండా పోస్ట్‌గ్రెస్‌కు తన సొంత మెమరీ కాంటెక్స్ట్‌లు ఉన్నాయి. మరి అదే పోస్ట్‌గ్రెస్‌లో ఒక బ్యాకెండ్ ప్రాసెస్ సిగ్‌సెగ్‌వీతో పోతే ఏం చేస్తుంది? పట్టుకుని నడిపించదు. దాని ప్రధాన ప్రాసెస్ పోస్ట్‌మాస్టర్ మిగతా బ్యాకెండ్లన్నిటినీ కూడా ఆపేసి, లాగ్ నుంచి రికవరీ చేసుకుని మళ్లీ మొదలవుతుంది. షేర్డ్ మెమరీ చెడిపోయి ఉండవచ్చన్న ఒక్క అనుమానానికే! డేటా మీద అంత శ్రద్ధ ఉన్నవాళ్లు తీసుకున్న నిర్ణయం అది.

జావా విషయం. వర్చువల్ మెషీన్‌కు తను పుట్టించిన ప్రతి ఇన్‌స్ట్రక్షన్ ఎక్కడుందో తెలుసు. ఫాల్ట్ ఆ చిరునామాల్లోనే వస్తే ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. వేరే ఏ నేటివ్ లైబ్రరీలోనో వస్తే అది కూడా క్రాష్ రిపోర్ట్ రాసి ముగిసిపోతుంది.

నిశాచరి గారి ప్రోగ్రామ్‌లో ఫాల్ట్ ఎక్కడ వచ్చిందో తెలియదు. మాలాక్ లోపల, లాక్ పట్టుకుని ఉండగా వచ్చిందనుకోండి. మీరు దూకారు, లాక్ పట్టుకునే ఉంది. తర్వాతి మాలాక్ దగ్గర ప్రోగ్రామ్ బిగుసుకుంటుంది. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. ఫాల్ట్ వచ్చిందంటే ఆ పాయింటర్ అదృష్టవశాత్తూ చెల్లని పేజీలో పడింది. అంతకు కాసేపటి ముందు అదే పాయింటర్ చెల్లే పేజీలో పడి వేరే పరికరం రీడింగ్ మీద రాసేసి ఉంటే? దానికి సిగ్నల్ రాదు. మీరు దూకి ముందుకెళ్లి, ఆ తప్పుడు రీడింగ్‌ను నిజమని ఫైల్లో రాస్తారు. ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను రెండు సెకన్లలో మళ్లీ మొదలుపెట్టవచ్చు. తప్పు రాసిన ఫైల్‌ను ఎవరు కనిపెడతారు?

జంపర్

తప్పుడు రీడింగ్ మాట ఒప్పుకుంటాను, అది పెద్ద విషయమే. అయినా "ఎప్పుడూ వద్దు" అనడం కూడా సరికాదు. ఎమ్‌మ్యాప్‌తో మెమరీలో భాగంగా చదివే ఫైల్‌ను మనం చదువుతుండగా ఇంకెవరో దాన్ని కత్తిరిస్తే సిగ్‌బస్ వస్తుంది. అది మన బగ్ కాదు, ముందే చూసుకునే వీలూ లేదు. పోస్ట్‌గ్రెస్ కూడా సిగ్‌ఎఫ్‌పీఈ వస్తే దాన్ని మామూలు ఎర్రర్‌గా మార్చి ఆ క్వెరీని మాత్రమే రద్దు చేస్తుంది.

బిట్‌మాస్క్

అవును, ఆ రెండు చోట్లా నేనూ ఒప్పుకుంటాను. సిగ్‌బస్ సందర్భంలో మీరు కాపలా పెట్టేది కొన్ని లైన్లకే: ఎమ్‌మ్యాప్ నుంచి మన బఫర్‌లోకి కాపీ చేసే ముక్క. ఆ ముక్కలో మాలాక్ లేదు, లాక్ లేదు. ఫాల్ట్ చిరునామా మన మ్యాపింగ్ పరిధిలోనే ఉందా అని ఎస్ఐ-అడ్రస్‌తో సరిచూసి, ఉంటేనే దూకాలి. లేకపోతే పోనివ్వాలి. అలాంటి ఇరుకు చోటుకు సిగ్‌లాంగ్‌జంప్ సరైన పనిముట్టే.

వాడేవాళ్లకు రెండు జాగ్రత్తలు. హ్యాండ్లర్ నుంచి దూకేటప్పుడు మామూలు లాంగ్‌జంప్ కాదు, సిగ్ ఉన్నదే వాడాలి. హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపు ఆ సిగ్నల్ బ్లాక్‌లో ఉంటుంది, లినక్స్‌లో మామూలు లాంగ్‌జంప్ మాస్క్‌ను తిరిగి పెట్టదు. రెండోసారి నిజమైన ఫాల్ట్ వస్తే హ్యాండ్లర్ పిలవకుండానే కెర్నల్ ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఇంకా, సెట్‌జంప్ తర్వాత మార్చిన లోకల్ వేరియబుల్స్ వోలటైల్ కాకపోతే దూకాక వాటి విలువ ఏమిటో నమ్మలేం.

తొలిఅడుగు

సిగ్‌ఎఫ్‌పీఈ అంటే ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్ కదా. నేను 1.0ని 0.0తో భాగిస్తే ఏ సిగ్నలూ రాలేదు, "ఇన్ఫ్" అని ప్రింట్ అయింది. ఇంట్‌ను సున్నాతో భాగిస్తే మాత్రం ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్ అని చచ్చింది. తలకిందులుగా ఉంది.

సెమికోలన్

పేరు పాతది, అంతే. ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు ఐఈఈఈ 754 ప్రకారం మామూలుగా ఆగవు, అనంతం ఇస్తాయి లేదా నాన్ (సంఖ్య కానిది) ఇస్తాయి, ఒక స్టేటస్ బిట్ ఎత్తిపెడతాయి. ఫెన్వ్ హెడర్‌లోని ఫెటెస్ట్‌ఎక్సెప్ట్‌తో ఆ బిట్ చూసుకోవచ్చు. సిగ్నల్ కావాలంటే గ్లిబ్‌సీలో ఫె-ఎనేబుల్-ఎక్సెప్ట్ ఉంది, అది ప్రమాణంలో భాగం కాదు.

ఇంట్‌ను సున్నాతో భాగిస్తే ఎక్స్86లో ట్రాప్ వస్తుంది, అంటే ప్రాసెసర్ ఆగి కెర్నల్‌ను పిలుస్తుంది, కెర్నల్ దాన్ని సిగ్‌ఎఫ్‌పీఈగా పంపుతుంది. అదే 64 బిట్ ఆర్మ్‌లో సున్నాతో భాగిస్తే ట్రాప్ రాదు, ఫలితం సున్నా వస్తుంది! సిగ్నల్ మీద ఆధారపడి కోడ్ రాస్తే ఒక మెషీన్‌లో చచ్చేది ఇంకో మెషీన్‌లో తప్పు జవాబు ఇస్తుంది. అందుకే భాగించే ముందు ఇఫ్ పెట్టి చూసుకోవాలి. అన్నట్టు ఇంట్-మిన్‌ను మైనస్ 1తో భాగించినా ఎక్స్86లో ఇదే సిగ్నల్ వస్తుంది, ఎందుకంటే జవాబు ఇంట్‌లో పట్టదు. ఇది చాలామంది మరిచిపోతారు.

కాపలా

హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ పెడితే మహా అయితే బిగుసుకుంటుంది అనుకునేవాళ్ల కోసం. 2024 జులైలో, దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో బయటపడిన భద్రతా లోపం సీవీఈ-2024-6387 గురించి చదవండి. లాగిన్ అవడానికి ఇచ్చిన గడువు, మామూలుగా 120 సెకన్లు, దాటితే సిగ్‌అలారం వచ్చేది. ఆ హ్యాండ్లర్ లోంచి లాగ్ రాసే కోడ్ నడిచేది, అది సిస్‌లాగ్‌ను పిలిచేది. గ్లిబ్‌సీలో సిస్‌లాగ్ లోపల మాలాక్, ఫ్రీ పిలుస్తుంది. హీప్ సగం మారి ఉన్న క్షణంలో సిగ్నల్ పడేలా సమయం కుదుర్చుకుంటే, లాగిన్ కాకుండానే రూట్ హక్కులతో కోడ్ నడిపించవచ్చని క్వాలిస్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు చూపించారు. 32 బిట్ లినక్స్ మీద సగటున 10,000 ప్రయత్నాలు పట్టిందని రాశారు. 9.8 వెర్షన్‌లో సరిచేశారు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది, ఇది పాత లోపమే కావడం. 2006లో సీవీఈ-2006-5051గా సరిచేసిన రంధ్రమే, 8.5 వెర్షన్‌లో లాగింగ్ కోడ్ మార్చినప్పుడు ఒక ఇఫ్‌డెఫ్ (కోడ్ ముక్కను కంపైల్ చేయాలా వద్దా చెప్పే షరతు) పొరపాటున పోవడంతో మళ్లీ తెరుచుకుంది. ఓపెన్‌బీఎస్‌డీకి మాత్రం దెబ్బ తగల్లేదు, అక్కడ హ్యాండ్లర్ పిలిచేది సిగ్నల్ మధ్యలో వాడదగ్గ సిస్‌లాగ్-ఆర్.

కాబట్టి మీ కోడ్‌లో హ్యాండ్లర్ పక్కన "ఇందులోంచి పిలిచే ఏ ఫంక్షన్‌నూ మార్చే ముందు ఆలోచించండి" అని కామెంట్ పెట్టండి. హ్యాండ్లర్‌ను ఎవరూ ముట్టుకోరు. అది పిలిచే ఫంక్షన్ లోపల నాలుగు మెట్లు కింద ఎవరో మారుస్తారు.

నిశాచరి

కాపలా గారు రాసింది చదివాక మా కోడ్‌లో హ్యాండ్లర్లన్నీ ఒకచోటికి చేర్చాను. సిగ్‌ఇంట్, సిగ్‌టర్మ్ రెండూ సిగ్నల్‌ఎఫ్‌డీకి మార్చాను, ఈపోల్ లూప్‌లోనే చదువుతున్నాను. ఇప్పుడు ఎప్పుడు ఆపినా వెంటనే ఆగుతోంది.

మిగిలింది అసలు ఫాల్ట్. పట్టుకుని నడిపించను, సరే. కానీ అది ఎక్కడ వచ్చిందో ఎలా తెలుసుకోవాలి? అది వచ్చే రాత్రి నేను ఎదురుగా ఉండను.

కెర్నల్‌తీరం

ముందు కోర్ డంప్ (చనిపోయిన క్షణాన ప్రాసెస్ మెమరీ నకలు) వస్తుందో లేదో చూడండి. యులిమిట్ మైనస్ సీ సున్నా అని ఉంటే రాదు. ప్రోక్ కింద సిస్, కెర్నల్‌లో ఉన్న కోర్-ప్యాటర్న్ ఫైల్ చూస్తే డంప్ ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. సిస్టమ్‌డీ వాడే మెషీన్ అయితే కోర్‌డంప్-సీటీఎల్‌తో తీసుకోవచ్చు. బైనరీని డీబగ్ సమాచారం కోసం మైనస్ జీతో కంపైల్ చేసి ఉంచండి, ఆప్టిమైజేషన్‌తో పాటే పెట్టవచ్చు.

లాగ్‌లో కూడా ఒక లైను కావాలంటే సిగ్‌సెగ్‌వీ హ్యాండ్లర్ ఇలా రాయండి. సిగ్‌యాక్షన్‌లో మూడు ఫ్లాగులు: ఎస్‌ఏ-సిగ్‌ఇన్ఫో, ఎస్‌ఏ-రీసెట్‌హ్యాండ్, ఎస్‌ఏ-ఆన్‌స్టాక్. మొదటిది ఫాల్ట్ చిరునామాను మీకు ఇస్తుంది. ఎస్ఐ-కోడ్ కూడా ఇస్తుంది, మ్యాప్-ఎర్ర్ అంటే ఆ చిరునామాలో ఏమీ లేదు, ఏసీసీ-ఎర్ర్ అంటే ఉంది గానీ మీకు అనుమతి లేదు. చిరునామాను హెక్స్ అంకెలుగా మార్చే నాలుగు లైన్లు మీరే రాసుకుని, రైట్‌తో ముందే తెరిచి ఉంచిన లాగ్ డిస్క్రిప్టర్‌లోకి పంపి, రిటర్న్ అవ్వండి.

అవును, రిటర్న్ అవ్వండి. సెమికోలన్ గారు మొదట్లో చెప్పిన "అదే ఇన్‌స్ట్రక్షన్ మళ్లీ" అన్నది ఇక్కడ లినక్స్‌లో మనకు పనికొస్తుంది. రీసెట్‌హ్యాండ్ వల్ల హ్యాండ్లర్ మొదలవగానే సిగ్నల్ డిఫాల్ట్‌కు మారిపోయింది. తిరిగి వెళ్లగానే అదే చోట అదే ఫాల్ట్, ఈసారి కెర్నల్ కోర్ డంప్ రాసి ప్రాసెస్‌ను ముగిస్తుంది. రిజిస్టర్లు, స్టాక్ అన్నీ అసలు తప్పు జరిగిన చోటువే ఉంటాయి. హ్యాండ్లర్ లోంచి అబార్ట్ పిలిస్తే కోర్‌లో పైన హ్యాండ్లర్ ఫ్రేములు అడ్డుగా కూర్చుంటాయి.

ఆన్‌స్టాక్ ఎందుకంటే, అంతులేని రికర్షన్ వల్ల స్టాక్ అయిపోయి ఫాల్ట్ వస్తే హ్యాండ్లర్ నడవడానికి కూడా చోటుండదు. సిగ్‌ఆల్ట్‌స్టాక్‌తో విడిగా కొంత మెమరీ ఇచ్చి ఉంచాలి, ప్రతి థ్రెడ్‌కూ విడిగా. దాని సైజుకు సిగ్‌స్టక్-ఎస్‌జడ్ వాడి స్టాటిక్ అర్రే పెడితే గ్లిబ్‌సీ 2.34 నుంచి కంపైల్ కాకపోవచ్చు, అది ఇక స్థిరసంఖ్య కాదు. కొత్త ప్రాసెసర్ల రిజిస్టర్లు పెద్దవైపోయాయి కాబట్టి అలా మార్చారు. 64 కిలోబైట్లు కేటాయించండి, చాలు.

కాపలా

దీనితో పాటు, టెస్ట్ మెషీన్‌లో మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి ఒక రోజు నడపండి. వేగం సగానికి పడిపోయినా ఫర్వాలేదు. ఫ్రీ చేసిన మెమరీని ముట్టుకుంటే ముట్టుకున్న చోటు, ఫ్రీ చేసిన చోటు, కేటాయించిన చోటు మూడూ చూపిస్తుంది. కోర్ డంప్‌లో మీకు మొదటిది ఒక్కటే దొరుకుతుంది.

నిశాచరి

దొరికింది! శానిటైజర్ పెట్టి, పరికరాల కేబుళ్లు పీకుతూ పెడుతూ ఉంటే కాసేపటికే పట్టేసింది. పరికరం కనెక్షన్ తెగగానే దాని స్ట్రక్ట్‌ను ఫ్రీ చేస్తున్నారు, కానీ టైమర్ జాబితాలోంచి తీయడం లేదు. టైమర్ మోగినప్పుడు అదే స్ట్రక్ట్‌ను ముట్టుకుంటోంది. ఆ మెమరీ ఈలోపు వేరే పరికరానికి వెళ్లిపోయి ఉంటే ఫాల్ట్ కూడా రాదు, దాని కౌంటర్ మారిపోతుంది. బిట్‌మాస్క్ గారు చెప్పిన తప్పుడు రీడింగ్ సరిగ్గా ఇదే. ఫ్రీకి ముందు జాబితాలోంచి తీసేసేలా మార్చాను.

ఇప్పుడు 139 లేదు. కానీ కేబుల్ పీకితే ఒక్కోసారి 141తో పోతోంది.

సెమికోలన్

128 + 13, సిగ్‌పైప్. అవతలి వైపు మూసేసిన సాకెట్‌లోకి మీరు రాస్తున్నారు, బహుశా పరికరానికి జవాబు పంపే చోట. ఇది ముందు నుంచీ ఉండే ఉంటుంది. మెయిన్ మొదట్లో సిగ్‌పైప్‌ను ఇగ్నోర్ చేయండి, లేదా సెండ్‌లో ఎమ్‌ఎస్‌జీ-నోసిగ్నల్ ఫ్లాగ్ ఇవ్వండి. అప్పుడు సెండ్ ఈ-పైప్ ఎర్రర్ ఇస్తుంది, ఆ ఒక్క కనెక్షన్‌ను మూసేసుకోవచ్చు.

ఇగ్నోర్ దారి ఎంచుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. ఎగ్జెక్‌తో వేరే ప్రోగ్రామ్‌ను నడిపినప్పుడు హ్యాండ్లర్లు డిఫాల్ట్‌కు మారతాయి గానీ ఇగ్నోర్ చేసినవి ఇగ్నోర్‌గానే ఉండిపోతాయి. సిగ్నల్ మాస్క్ కూడా అలాగే వెంట వెళ్తుంది. మీరు సిగ్నల్‌ఎఫ్‌డీ కోసం సిగ్‌టర్మ్‌ను బ్లాక్ చేశారు కదా, మీ ప్రోగ్రామ్ వేరే స్క్రిప్టును నడిపితే అది కిల్‌కు స్పందించదు. ఫోర్క్ తర్వాత ఎగ్జెక్‌కు ముందు రెండూ మామూలుకు తెచ్చేయండి.

తొలిఅడుగు

మరి మొదటి ప్రశ్న మిగిలిపోయింది కదా. మామూలు ఎర్రర్లకు, అంటే ఫైల్ తెరుచుకోకపోవడం, డేటా తప్పుగా రావడం లాంటివాటికి సీలో ట్రై-క్యాచ్ బదులు ఏం వాడతారు?

బిట్‌మాస్క్

రిటర్న్ విలువ. అంతకు మించి చాలాసార్లు అక్కర్లేదు. ప్రతి ఫంక్షన్ సఫలమైతే సున్నా, లేకపోతే నెగటివ్ ఎర్రర్ కోడ్ ఇస్తుంది. పిలిచినవాళ్లు చూసి తీరాలి, చూడకపోతే కంపైలర్ హెచ్చరించేలా జీసీసీలో వార్న్-అన్‌యూజ్డ్-రిజల్ట్ ఆట్రిబ్యూట్ ఉంది, సీ23లో నోడిస్కార్డ్ వచ్చింది. ఫంక్షన్‌లో మూడు వనరులు తీసుకుంటే, విఫలమైనప్పుడు గోటూతో చివరకు వెళ్లి తీసుకున్న క్రమానికి వెనుక నుంచి వదిలేస్తాం. లినక్స్ కెర్నల్ నిండా ఇదే కనిపిస్తుంది. గోటూ చెడ్డదని కాలేజీలో చెప్పినా ఈ ఒక్క వాడకంలో అది కోడ్‌ను చదవడానికి తేలిక చేస్తుంది.

జావా నుంచి వచ్చినవాళ్లకు చేతికి అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. పరికరం తప్పుడు ప్యాకెట్ పంపితే పొడవు చూడాలి, పరిధి చూడాలి, ఎర్రర్ కోడ్ ఇవ్వాలి. అప్పుడు ఆ పరికరం ఒక్కటే ఆగుతుంది, నిశాచరి గారు మొదట కోరుకున్నది కూడా అదే.

నిశాచరి

సిగ్‌పైప్ ఇగ్నోర్ చేశాను, సెండ్ ఫలితం చూసే చోట్లన్నీ సరిచేశాను, ఎగ్జెక్ ముందు మాస్క్ కూడా తీసేశాను. చివరిగా ఒక్కటి అడుగుతాను. రీడింగులను డిస్క్‌కు రాయడానికి వేరే థ్రెడ్ పెట్టే ఆలోచన ఉంది. సిగ్నల్‌ఎఫ్‌డీకి అడ్డమవుతుందా?

కెర్నల్‌తీరం

థ్రెడ్‌ను సృష్టించే ముందే మెయిన్‌లో పీథ్రెడ్-సిగ్‌మాస్క్‌తో సిగ్‌ఇంట్, సిగ్‌టర్మ్ బ్లాక్ చేసి ఉంటే కొత్త థ్రెడ్‌కు అదే మాస్క్ వస్తుంది, అడ్డం కాదు. తర్వాత చేస్తే కష్టం. ప్రాసెస్‌కు వచ్చిన సిగ్నల్‌ను కెర్నల్ బ్లాక్ చేయని ఏ థ్రెడ్‌కైనా ఇవ్వవచ్చు, మీ రైటర్ థ్రెడ్ దాన్ని అందుకుంటే డిఫాల్ట్ ప్రకారం మొత్తం ప్రాసెస్ పోతుంది. సిగ్‌సెగ్‌వీ మాత్రం తప్పు చేసిన థ్రెడ్‌కే వస్తుంది, కాబట్టి రైటర్ థ్రెడ్‌లో కూడా సిగ్‌ఆల్ట్‌స్టాక్ పిలవడం మరవకండి. సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్లో రీస్టార్ట్‌ను ఆన్-ఫెయిల్యూర్‌గా పెట్టుకోండి, సిగ్‌సెగ్‌వీ వస్తే తిరిగి లేస్తుంది, మీరు కావాలని ఆపితే లేవదు.